ఎండల ఊళ్లలో బోస్టన్ ఫెర్న్: కొన్న రోజు నుంచి కుండీ విడదీసే దాకా

కడియం నర్సరీల్లో షేడ్ నెట్ కింద వరసగా వేలాడే ఫెర్న్ కుండీలను చూస్తే ఎవరికైనా ఒకటి తెచ్చుకోవాలనిపిస్తుంది. తెచ్చుకుంటాం కూడా. ఫిబ్రవరిలో హాల్లో కళకళలాడిన మొక్క ఏప్రిల్ చివరికి చీపురుకట్టలా తయారవుతుంది. నీళ్లు చాలట్లేదేమోనని ఇంకో చెంబు పోస్తాం. మే నెలలో వేరు కుళ్లి మొక్క పోతుంది. ఫెర్న్ మన ఇళ్లలో బతకదని తేల్చేస్తాం.

బతుకుతుంది. పాత రాతి బావుల లోపలి గోడలను ఒకసారి గుర్తుతెచ్చుకోండి. రాళ్ల సందుల్లోంచి ఫెర్న్‌లు గుత్తులుగా వేలాడుతుంటాయి. వాటికి ఎవరూ నీళ్లు పొయ్యరు, ఎరువు వెయ్యరు. అక్కడ నేరుగా ఎండ పడదు. రాయి చెమ్మగా ఉంటుంది కానీ నీరు నిలవదు. గాలి చల్లగా, తేమగా ఉంటుంది. ఈ చివరిదే మన ఇళ్లలో లేనిది. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో హైదరాబాద్ గాలిలో తేమ 30 శాతం కిందికి పడిపోవడం మామూలే. ఫెర్న్‌కు 50 శాతం పైన ఉంటేనే హాయి. పొడిగాలి ఆకుల్లోంచి లాగేసినంత వేగంగా వేర్లు నీటిని తోడలేవు. అలాంటప్పుడు కుండీలో ఎన్ని నీళ్లు పోసినా ఆకు ఎండుతూనే ఉంటుంది, అడుగున వేరు మాత్రం మునిగిపోతుంది. అందుకే నీళ్ల సంగతి కన్నా ముందు చోటు సంగతి చూసుకోవాలి.

ఏది కొనాలి, ఎప్పుడు కొనాలి

నర్సరీలో ‘ఫెర్న్’ అని అడిగితే నాలుగైదు రకాలు చూపిస్తారు. మొదటిసారి పెంచేవాళ్లకు బోస్టన్ ఫెర్న్ సరైనది. దీని శాస్త్రీయ నామం నెఫ్రోలెపిస్ ఎక్సాల్టాటా. అమెరికా ఖండంలోని వెచ్చని, తేమ ప్రాంతాల మొక్క ఇది. 1894లో ఫిలడెల్ఫియా నుంచి బోస్టన్‌కు పంపిన ఫెర్న్‌ల సరుకులో మిగతావాటి కంటే మెత్తగా ఒంగి వేలాడే మొక్క ఒకటి కనిపించింది. ఆ రకమే బోస్టన్ పేరుతో ప్రపంచమంతా పాకింది.

దీనికి దగ్గరి చుట్టం నెఫ్రోలెపిస్ కార్డిఫోలియా. దీని రెమ్మలు కాస్త నిటారుగా నిలబడతాయి. మట్టి కొద్దిగా కదిపి చూస్తే వేర్ల మధ్య నూగుతో కప్పిన గుండ్రటి చిన్న దుంపలు కనిపిస్తాయి. ఆ దుంపల్లో నీరు దాచుకుంటుంది కాబట్టి ఒకటి రెండు పూటలు మరిచిపోయినా తట్టుకుంటుంది. అనంతపురం, కర్నూలు, రామగుండం లాంటి ఊళ్లలో ఉండేవాళ్లు దుంపలున్నదాన్నే ఎంచుకోవడం తెలివైన పని. అందంలో బోస్టన్‌కు ఒక మెట్టు తక్కువే అయినా మే నెల దాటుతుంది.

నల్లటి సన్నని కాడలతో, నాజూకు ఆకులతో ఉండే మెయిడెన్‌హెయిర్ ఫెర్న్ చూడ్డానికి అన్నిటికన్నా బాగుంటుంది. కుండీ ఒక్కసారి పూర్తిగా ఎండితే చాలు, ఆకులన్నీ ముడుచుకుపోతాయి. విశాఖలో ఉంటే ప్రయత్నించండి. హైదరాబాద్‌లో అయితే బోస్టన్‌ను రెండు వేసవులు దాటించాక దాని జోలికి వెళ్లండి. వెడల్పాటి, చీలికలు లేని ఆకులుండే బర్డ్స్ నెస్ట్ ఫెర్న్ కూడా ఇంట్లో బాగానే నిలబడుతుంది. అయితే నీళ్లు మధ్యలోని గూటిలో కాకుండా మట్టి మీదే పొయ్యాలి.

ఇక ఆస్పరాగస్ ఫెర్న్ అని అమ్మేది అసలు ఫెర్న్ కాదు. దానికి పూలు పూస్తాయి, కాయలు కాస్తాయి. పిల్లులకు, కుక్కలకు అది విషం. బోస్టన్ ఫెర్న్‌తో ఆ బెడద లేదు. ఆన్‌లైన్లో ‘ఫెర్న్ విత్తనాలు’ అని ప్యాకెట్ కనిపిస్తే డబ్బు పారేసుకోకండి. ఫెర్న్‌కు పువ్వూ ఉండదు, విత్తనమూ ఉండదు. ఆకు అడుగున పుట్టే పొడి లాంటి సిద్ధబీజాలతోనూ (స్పోర్లు), పిలకలతోనూ పెరుగుతుంది. గాలిని శుద్ధి చేస్తుందని చెబితే దానికీ పడిపోకండి. 2019లో అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు పాత ప్రయోగాల ఫలితాలను తిరిగి లెక్కగట్టారు. ఇంట్లోకి మామూలుగా వచ్చిపోయే గాలి చేసే పని మొక్కలు చెయ్యాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 దాకా కావాలని తేల్చారు. ఫెర్న్‌ను అందం కోసం కొనుక్కుంటే చాలు.

కొనడానికి మంచి కాలం జులై నుంచి సెప్టెంబర్. తొలి వానలు పడి గాలి తేమగా ఉన్నప్పుడు మొక్క కొత్త ఇంటికి సులువుగా అలవాటు పడుతుంది, వేసవి వచ్చేలోగా వేరు పట్టడానికి ఆరేడు నెలలు దొరుకుతాయి. మార్చి, ఏప్రిల్‌లో ఎంత చవగ్గా వచ్చినా వద్దు. ఏపుగా ఉన్న పెద్ద గుత్తి కంటే, మధ్యలో చుట్ట తిరిగిన లేత చిగుళ్లు ఎక్కువగా ఉన్న కుండీ చూసి తీసుకోండి. రెమ్మ తిప్పి అడుగున తెల్లటి దూది లాంటిది ఉందేమో చూడండి. మట్టి కంపు కొడుతుంటే ఆ కుండీ వదిలెయ్యండి.

ఇంటికి తెచ్చిన రెండు మూడు వారాల్లో కొన్ని ఆకులు రాలతాయి. నర్సరీలో అలవాటైన తేమ మన హాల్లో ఉండదు కదా. కంగారుపడి వెంటనే కుండీ మార్చడం, ఎరువు వెయ్యడం లాంటివి చెయ్యకండి.

చోటు

వెలుతురు ఉండాలి, ఎండ తగలకూడదు. తూర్పు కిటికీ పక్కన ఉదయం పూట లేత ఎండ గంటసేపు పడినా ఫర్వాలేదు. ఉత్తరం కిటికీ ఇంకా మంచిది. పడమటి బాల్కనీలో మధ్యాహ్నం ఎండ రెండు రోజులు తగిలితే ఆకులు పాలిపోయి, ఆపైన గోధుమ రంగులోకి మాడతాయి. అలాగని చీకటి మూలలో టీపాయ్ మీద పెడితే కొత్త చిగుళ్లు రావు, ఉన్న రెమ్మలు సన్నగా సాగుతాయి. కుండీ పెట్టాలనుకున్న చోట పగలు లైటు వెయ్యకుండా పేపర్ చదవగలిగితే ఆ వెలుతురు సరిపోతుంది.

ఆ వెలుతురున్న చోట్లలో దేన్ని ఎంచుకోవాలో తేమ చూసి నిర్ణయించండి. అపార్ట్‌మెంట్లలో చాలామంది పట్టించుకోని మంచి చోటు వంటగది వెనకాల ఉండే వాష్ ఏరియా. అంట్లు తోమడం, బట్టలు ఉతకడం, నేల కడగడం వల్ల అక్కడ గాలి రోజంతా చెమ్మగా ఉంటుంది. పైన కొక్కెం వేసి కుండీ వేలాడదీస్తే కాళ్లకు అడ్డం కూడా రాదు. కిటికీ ఉన్న స్నానాల గది ఇంకో మంచి చోటు. సొంత ఇల్లున్నవాళ్లకు చెట్టు నీడలో ఉండే వరండాను మించింది లేదు.

పెట్టకూడని చోట్లు: ఏసీ గాలి నేరుగా తగిలే గోడ, ఫ్యాన్ కింద, ఫ్రిజ్ వెనక వేడిగాలి వచ్చే పక్క, గ్యాస్ పొయ్యి దగ్గర. జనం నడిచే దారిలోనూ వద్దు. రెమ్మల కొసలకు మాటిమాటికీ చీర కొంగో బ్యాగో రాసుకుంటే కొసలు నల్లబడతాయి.

కుండీ, మట్టి

పొలం మట్టి, ఇంటి ముందు తవ్విన ఎర్రమట్టి కుండీలో పోస్తే నాలుగు తడులకే గట్టిపడి, ఫెర్న్ సన్నవేర్లకు గాలి ఆడదు. రెండు పాళ్లు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఒక పాలు బాగా చివికిన ఆకు ఎరువు లేదా వర్మీకంపోస్టు, ఒక పాలు పెర్లైట్ (తేలికైన తెల్లటి గుళికలు) లేదా కడిగిన ముతక ఇసుక కలపండి. కోస్తాలో ఉంటే కోకోపీట్ కాస్త తగ్గించి ఇసుక పెంచండి. ఇటుకల్లా అమ్మే కోకోపీట్‌లో ఉప్పు మిగిలి ఉండొచ్చు. దాన్ని నీళ్లలో నానబెట్టి పిండి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఒకసారి కడిగాకే వాడండి. ఈ పని బద్ధకించినవాళ్లే తర్వాత ఆకుల కొసలు ఎందుకు మాడుతున్నాయని అడుగుతుంటారు.

మట్టి కుండీ మంచిదా, ప్లాస్టిక్ మంచిదా అంటే ఊరిని బట్టి ఉంటుంది. మట్టి కుండీ గోడలు నీటిని పీల్చి బయటికి వదులుతాయి. విశాఖ, కాకినాడల్లో అది మేలు, హైదరాబాద్ వేసవిలో ఇబ్బంది. పొడి ఊళ్లలో రెండూ కలిపి వాడుకోవచ్చు. ఫెర్న్ ఉన్న ప్లాస్టిక్ కుండీని దానికంటే రెండు మూడు అంగుళాలు పెద్దదైన మట్టి కుండీలో దించి, మధ్య ఖాళీలో ఇసుక నింపి, ఆ ఇసుకను రోజూ తడపండి. ఇసుకలోని నీరు మట్టి గోడల్లోంచి ఆవిరవుతూ వేర్లను చల్లబరుస్తుంది, మొక్క చుట్టూ కాస్త తేమ ఉంటుంది. లోపలి కుండీలో మాత్రం ఎక్కువ నీళ్లు నిలవవు. రెండు కుండీలకూ అడుగున చిల్లులు ఉండాలి.

కుండీ మరీ పెద్దది వద్దు. ఇప్పుడున్నదానికంటే రెండంగుళాలు వెడల్పు చాలు. నాటేటప్పుడు పిలకలు మొలిచే మొదలు మట్టిలో పూడకుండా పైకి కనబడేలా చూసుకోండి. పూడితే కుళ్లుతుంది.

నీళ్లు

‘రోజు విడిచి రోజు ఒక గ్లాసు’ లాంటి లెక్కలు ఫెర్న్‌కు పనికిరావు. జనవరికీ మే నెలకూ దాహంలో బోలెడంత తేడా ఉంటుంది. వేలు ఒక కణుపు లోతు మట్టిలో గుచ్చి చూడండి. పైపొర ఆరడం మొదలై, లోపల చెమ్మ తగిలితే నీళ్ల వేళ అయినట్టు. లోపల తడి ముద్దలా ఉంటే ఆగండి. కొన్నాళ్లు పోతే కుండీ ఎత్తి చూసి బరువును బట్టే చెప్పగలుగుతారు.

పోసేటప్పుడు చిల్లుల్లోంచి నీరు బయటికి వచ్చేదాకా అన్ని వైపులా పొయ్యండి. పావుగంట తర్వాత పళ్లెంలో నిలిచిన నీరు పారబొయ్యండి. రోజూ కొంచెం కొంచెం చిలకరిస్తే పైపొర మాత్రమే తడిసి, అడుగు వేర్లు ఎండుతాయి. కుండీ పొరపాటున పూర్తిగా ఎండిపోతే కోకోపీట్ నీటిని పీల్చుకోదు, పోసిన నీరు అంచుల వెంట జారిపోతుంది. అప్పుడు కుండీని బకెట్ నీళ్లలో సగం దాకా ముంచి అరగంట ఉంచి తియ్యండి.

ఏ నీళ్లు పోస్తున్నామన్నది ఇంకో పెద్ద విషయం. మన బోరు నీళ్లలో చాలాచోట్ల ఉప్పులు ఎక్కువ. కుండీ అంచున, మట్టి మీద తెల్లటి పొర పేరుకుంటోందంటే అదే. ఆ ఉప్పు వేర్ల దగ్గర చేరి ఆకు కొసల్ని మాడుస్తుంది. రాత్రంతా బకెట్‌లో నిలవ ఉంచితే క్లోరిన్ పోతుందేమో కానీ ఉప్పు ఎక్కడికీ పోదు. వాన నీరు అన్నిటికన్నా శ్రేష్ఠం, వానాకాలంలో రెండు డ్రమ్ములు పట్టి మూతపెట్టుకోండి. ఏసీ పైపు నుంచి కారే నీటిలో ఉప్పులు చాలా తక్కువ, గది వేడికి వచ్చాక పొయ్యొచ్చు. ఆర్ఓ యంత్రం వృథాగా వదిలే నీటిని మాత్రం ఫెర్న్‌కు పొయ్యకండి. మంచి నీటిలోంచి వేరు చేసిన ఉప్పంతా అందులోనే ఉంటుంది. బోరు నీళ్లు తప్ప వేరే దారి లేకపోతే నెలకోసారి, దొరికిన మంచి నీటితో కుండీని బాగా పారేలా కడగండి. కుండీకి మూడింతల నీరు పారితే పేరుకున్న ఉప్పు చాలావరకు పోతుంది.

వేసవిలో మేడ మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి. అవి నేరుగా పోస్తే వేర్లు ఉడుకుతాయి. తెల్లవారుజామున పొయ్యండి, లేదా ముందు రోజు రాత్రి పట్టి ఇంట్లో ఉంచిన నీళ్లు వాడండి.

గాలిలో తేమ

స్ప్రే బాటిల్ గురించి ముందు చెప్పేస్తాను, ఎందుకంటే అందరూ మొదట కొనేది అదే. ఆకుల మీద నీళ్లు చిమ్మితే తేమ పెరిగేది కొద్ది నిమిషాలే. సాయంత్రం చిమ్మితే ఆకులు రాత్రంతా తడిగా ఉండి మచ్చలు వస్తాయి. దుమ్ము కడగడానికి మాత్రం స్ప్రే పనికొస్తుంది. గులకరాళ్ల పళ్లెంలో నీళ్లు పోసి పైన కుండీ పెట్టడం కొంత నయం, దానివల్ల వచ్చే లాభం కూడా కొద్దిపాటిదే. మొక్కలన్నీ ఒక్కచోట గుంపుగా పెడితే ఒకదాని ఆవిరి ఇంకోదానికి అందుతుంది. ఖర్చు లేని పని, కాబట్టి తప్పకుండా చెయ్యండి.

మన ఇళ్లలో ఉన్న అసలైన సాధనం ఎయిర్ కూలర్. గడ్డి మ్యాట్ల మీద పారే నీటిలోంచి గాలిని లాగి గదిలోకి పంపుతుంది కాబట్టి కూలర్ నడిచే గదిలో తేమ బాగా పెరుగుతుంది. వేసవిలో ఫెర్న్‌ను కూలర్ ఉన్న గదిలో, గాలి నేరుగా తగలని పక్కన పెట్టండి. ఏసీ చేసే పని దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది, గదిలోని తేమను లాగి బయట పారబోస్తుంది. ఏసీ రాత్రంతా నడిచే పడకగది ఫెర్న్‌కు తగదు. తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటర్ కొనుక్కుంటే ఇంట్లో ఏ గది మంచిదో ఊహించుకునే పని తప్పుతుంది.

మరీ ఎండిపోయిన ఊళ్లలో చివరి ఉపాయం గాజు. 1829లో లండన్ వైద్యుడు నథానియల్ వార్డ్ ఒక మాత్ పురుగు గూటిని తడి మట్టితో మూతపెట్టిన గాజు సీసాలో ఉంచితే, అందులోంచి ఫెర్న్ మొలిచింది. లండన్ బొగ్గు పొగలో బయట బతకని ఫెర్న్ సీసాలో పచ్చగా పెరగడం చూశాకే ఆయన గాజు పెట్టెలు తయారుచేయించాడు. మనకు అంత ఏర్పాటు అక్కర్లేదు. పాత చేపల తొట్టి చాలు. చిన్న ఫెర్న్‌ను అందులో పెట్టి, పైన గాజు పలక కాస్త తెరిచి ఉంచి, ఎండ తగలని చోట పెడితే మే నెల గడిచిపోతుంది. ఎండ తగిలితే మాత్రం తొట్టి లోపల మొక్క ఉడికిపోతుంది.

వేసవి సెలవులకు వారం రోజులు ఊరెళ్తుంటే కుండీని కిటికీ ఉన్న స్నానాల గదిలోకి మార్చండి. పక్కనే కాస్త ఎత్తులో నీళ్ల బకెట్ పెట్టి, పాత నూలు పంచె నుంచి చింపిన పీలికను తడిపి, ఒక కొస బకెట్ అడుగుకు చేరేలా, ఇంకో కొస మట్టిలోకి దిగేలా అమర్చండి. ఊరెళ్లే రెండు రోజుల ముందే అమర్చి చూస్తే నీరు ఎక్కువ వస్తోందో తక్కువ వస్తోందో తెలుస్తుంది.

అమెరికాలో ఉండే మనవాళ్లకు ఈ క్యాలెండర్ తిరగబడుతుంది. అక్కడ గాలి ఎండిపోయేది చలికాలంలో, హీటర్ వల్ల. వేసవిలో నీడ పడే పోర్చ్‌లో వేలాడదీసి, రాత్రి చలి 10 డిగ్రీల సెల్సియస్‌కు, అంటే 50 ఫారెన్‌హీట్‌కు దిగకముందే లోపలికి తెచ్చుకోండి.

ఎరువు

ఫెర్న్‌కు ఆకలి తక్కువ. జూన్ నుంచి అక్టోబర్ వరకు నెలకోసారి గుప్పెడు వర్మీకంపోస్టు పైన చల్లితే సరిపోతుంది. నీటిలో కరిగే 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే ఎరువు) వాడాలనుకుంటే లీటరుకు అర గ్రాము చాలు, అదీ ముందుగా తడిపిన మట్టి మీదే. డీఏపీ, యూరియా పలుకులు దగ్గరికి రానివ్వకండి. నడివేసవిలోనూ, మొక్క దిగాలుగా ఉన్నప్పుడూ ఏ ఎరువూ వద్దు.

మొక్క ఏం చెబుతోంది

కొసలు మాత్రమే గోధుమ రంగుకు తిరిగితే పొడిగాలి లేదా ఉప్పు నీళ్లు. తెల్లటి పొర ఉంటే ఉప్పు, లేకపోతే గాలి. అడుగు రెమ్మలు ఒకటి రెండు పసుపెక్కి పోవడం వయసు వల్ల వచ్చేదే, మొదలు దాకా కత్తిరించెయ్యండి. రెమ్మలన్నీ ఒకేసారి పసుపెక్కి, మట్టి తడిగా ఉంటే వేరు కుళ్లు. కుండీ లోంచి తీసి చూడండి, నల్లగా మెత్తబడిన వేర్లు కత్తిరించి కొత్త మిశ్రమంలో నాటండి. చిట్టి ఆకులు గలగలా రాలిపోయి కాడలు మిగిలితే కుండీ బాగా ఎండిందన్నమాట. ఆకులు పాలిపోయి చిన్నవైతే ఎండ ఎక్కువైంది.

రెమ్మ అడుగున వరసగా, సమాన దూరంలో గోధుమ చుక్కలు చూసి చాలామంది పురుగనుకుని మందు కొడతారు. అవి సిద్ధబీజాల గుత్తులు, మొక్క ఆరోగ్యంగా ఉందనడానికి గుర్తు. వరస లేకుండా కాడ మీద అక్కడక్కడా అంటుకుని, గోటితో గీకితే ఊడొచ్చేవి పొలుసు పురుగులు. ఆ రెమ్మను కోసి పారెయ్యడమే తేలిక. తెల్లటి దూదిలా ఉంటే పిండినల్లి, నీటి ధారతో కడగండి. ఆకుల మధ్య సన్నటి సాలెగూడు కనబడితే ఎర్రనల్లి, అది పొడిగాలిలోనే పెరుగుతుంది కాబట్టి తేమ పెంచితే సగం తగ్గుతుంది. ఫెర్న్ ఆకులు మందులకు త్వరగా మాడతాయి. వేపనూనె కూడా లీటరుకు రెండు మిల్లీలీటర్లకు మించకుండా, నాలుగు చుక్కల సబ్బు నీటితో కలిపి, ముందు ఒక్క రెమ్మ మీద కొట్టి రెండు మూడు రోజులు చూడండి. వానాకాలంలో బయట ఉన్న కుండీల్లో నత్తలు లేత చిగుళ్లు తింటాయి, రాత్రి టార్చ్ వేసి ఏరెయ్యడమే దీనికి మందు.

కుండీ విడదీయడం

ఏడాది, రెండేళ్లకు వేర్లు కుండీ నిండిపోతాయి. నీళ్లు పోసిన వెంటనే కిందికి జారిపోవడం, మధ్య భాగం బోసిపోవడం దానికి గుర్తులు. తొలకరి తర్వాత జులైలో ఈ పని పెట్టుకోండి. ముందు రోజు బాగా తడిపి, కుండీని పక్కకు వంచి మొక్కను బయటికి లాగండి. పదునైన చాకుతో వేరుముద్దను రెండు లేదా మూడు ముక్కలు చెయ్యండి. ప్రతి ముక్కకూ నాలుగైదు రెమ్మలు, తగినన్ని వేర్లు ఉండాలి. పాత, మోడు రెమ్మలు కోసేసి, మిగతావాటిని సగానికి కత్తిరిస్తే వేర్ల మీద భారం తగ్గుతుంది.

కుండీ అంచుల నుంచి సన్నటి తీగల్లా, ఆకులు లేకుండా వేలాడేవి కనిపిస్తాయి. చాలామంది అవి అసహ్యంగా ఉన్నాయని కత్తిరిస్తారు. ఆ తీగను పక్కన ఇంకో చిన్న కుండీలోని మట్టి మీద ఆనించి, హెయిర్‌పిన్‌తో గుచ్చి, తడి ఆరకుండా చూస్తే కొన్ని వారాల్లో అక్కడ పిలక మొలుస్తుంది. దానికి సొంత ఆకులు మూడు నాలుగు వచ్చాక తీగను తెంపండి.

కొత్తగా నాటిన ముక్కలకు రెండు వారాలు పారదర్శకమైన ప్లాస్టిక్ కవర్ వదులుగా కప్పి నీడలో ఉంచండి, రోజుకోసారి కవర్ తీసి గాలి ఆడనివ్వండి. కొత్త చిగురు చుట్ట విప్పడం కనబడగానే కవర్ పూర్తిగా తీసెయ్యొచ్చు. ఎక్కువైన పిలకలు చుట్టాలకు, పక్కింటివాళ్లకు ఇవ్వాలనుకుంటే సెప్టెంబర్ లోపే ఇచ్చెయ్యండి. ఇచ్చేటప్పుడు మీరు వాడే నీళ్లు ఏవో, మొక్కను ఏ గదిలో పెట్టారో కూడా చెప్పండి.